నా తూములోకి వచ్చిన నీళ్ళు

మొదటి పూట

నేను తెచ్చుకున్నదానికన్నా ఎక్కువ నీళ్ళు వదులుతున్నానని నా మీద ఫిర్యాదు. బుద్ధెరిగిన దగ్గర్నుంచి నా మీద చాలా ఫిర్యాదులు వచ్చాయి. అన్నీ నా నోటి గురించే. తూము గురించి రావడం ఇదే మొదలు.

నా పేరు గేదెల పైడమ్మ. రెండో వరసలో చివరి ఇల్లు. డెబ్బై దాటాయి. ఆకాశంలో పోయే ఈ ఓడలోనే పుట్టాను, ఓడ నేల మీద దిగేనాటికి ఉండను. చదువు రాదు కాబట్టి నేను చెప్తున్నాను, కరణం రాస్తోంది. కరణం మనిషి కాదు. ఓడ లెక్కలన్నీ చూసే యంత్రానికి మా పెద్దవాళ్ళు పెట్టిన పేరు. గోడలో ఉంటుంది, గొంతు ఒక్కటే బయటికి వస్తుంది. నా మాటలు దిద్ది అచ్చు భాషలో పెడతానంది. నావి ఎలాగైనా దిద్దుకో, ఎదుటివాళ్ళతో జరిగిన మాటలు మాత్రం అన్నవి అన్నట్టే ఉంచు అని చెప్పాను. రేపు సభలో మేం అలా అనలేదని ఒక్కరూ అనకూడదు.

పద్ధతి ఇది. నింద పడ్డ మనిషి వారంలోగా తన వాంగ్మూలం చెప్పుకోవాలి. చివర వేలిముద్ర వేయాలి. వేలిముద్ర పడేదాకా కరణం ఇందులోని సంగతి ఎవరికీ చెప్పదు, తానూ వాడుకోదు. పడ్డాక సభలో చదువుతుంది.

ఫిర్యాది తవిటినాయుడు. ఓడకి నీటిమేస్త్రి. తూములు, కుళాయిలు, నిద్రగది తాళం అతని చేతిలో ఉంటాయి. నన్ను పిన్నీ అంటాడు. ఫిర్యాదు చదివి వినిపించినప్పుడు కూడా అలాగే అన్నాడు: "ఏటీ అనుకోకు పిన్నీ, మీటరు సెప్పిందే నాను సెప్పినాను."

మీటరు చెప్పింది ఏమిటంటే, నేను రోజుకి ఆరు సోలలు తెచ్చుకుని పదహారు సోలలు తూములోకి వదులుతున్నాను. ఓడలో చుక్క ఎక్కడికీ పోదు. తాగినా, కడిగినా, తిరిగి తూములోకే రావాలి. కాబట్టి పది సోలలు ఎక్కడో దొంగిలించి తాగుతున్నాను.

పది సోలలు దొంగతనంగా తాగే ముసలిదాన్ని ఎక్కడైనా చూశారా అని అడిగాను. తాగితే ఎన్నిసార్లు లేవాలో వీళ్ళకి తెలుసా? కరణం ఆ ప్రశ్నకి తన దగ్గర లెక్క లేదంది.

నేరం రుజువైతే శిక్ష నిద్ర. నిద్రగదిలో పడుకోబెట్టి మూత వేస్తారు. ఓడ దిగాక, అంటే ఇంకో నలభై ఏళ్ళకి లేపుతారు. చావు కాదు. ఒంటికి వయసు రాదు, కల రాదు, నీళ్ళు అక్కర్లేదు. నేను పగటిపూట కునుకు కూడా తీయను. ఎవరో ఒత్తితే పడుకునే మనిషిని కాను. ఈ మాట కేసుకి సంబంధం లేదని కరణం అంటోంది. అయినా రాయమన్నాను.

రెండో పూట

ఈ రోజు నేను చేసిన పనులు చెప్తాను, దొంగతనానికి ఎంత తీరిక ఉందో అందులోంచే చూసుకోండి.

పొద్దున్న కుళాయి దగ్గర నా వంతు పట్టుకున్నాను. పెద్దమనిషికి ఎనిమిది సోలలు, అరవై దాటినవాళ్ళకి ఆరు, పిల్లలకి నాలుగు, పాలిచ్చే బాలింతకి పన్నెండు. మా తాతల నుంచీ ఇంతే. నాది ఆరు. ఇంటికి వచ్చేసరికి సన్యాసమ్మ తవ్వ చెంబు పట్టుకుని గుమ్మంలో ఉంది. కొసరు పోశాను. సన్యాసమ్మ నాకు తోటికోడలు, పక్కిల్లే. గంజి కాచుకున్నాను. తర్వాత తోటగదికి వెళ్ళి గోంగూర కోశాను. మధ్యాహ్నం దాకా అదే పని. ఇంటికొచ్చి గిన్నె కడిగాను, కాళ్ళు తడుపుకున్నాను. అంతే. పదహారు సోలలు వదలాలంటే నా ఇంట్లో అన్ని గిన్నెలు లేవు.

సాయంత్రం కరణాన్ని నిలదీశాను. మా వరసలో ఏ ఇంటివాళ్ళు ఎంత వదిలారో చెప్పమన్నాను.

"ఇంటింటి లెక్క చెప్పకూడదు, పైడమ్మగారూ. మొత్తాలు మాత్రమే చెప్పగలను."

ఒకరి సంగతి ఇంకొకరికి చెప్పకూడదని దానికి కట్టడి. ఎప్పుడో పాతకాలంలో అందరి సంగతులూ అందరికీ తెలిసిపోయి చాలా గొడవలయ్యాయట. సరే, మొత్తమే చెప్పు అన్నాను. మా ఆరిళ్ళూ కలిసి తెచ్చుకున్నదెంత, వదిలినదెంత?

"రెండూ సమానం."

మళ్ళీ అడిగాను. మళ్ళీ అదే చెప్పింది. ఓడ నీటితొట్టెలో ఒక్క సోల కూడా తగ్గలేదంది.

మరి దొంగతనం ఎక్కడుంది?

"మీ తూములో."

యంత్రంతో వాదించకూడదని మా అత్త అనేది. ఆవిడకి నా అంత అవసరం పడలేదు.

ఒక్కటి మాత్రం అర్థమైంది. తొట్టెలోంచి ఎవరూ అదనంగా తీసుకోలేదు. మా వరసలో ఎవరివో నీళ్ళు వాళ్ళ తూములోకి పోకుండా నా తూములోకి వస్తున్నాయి. అంటే ఎవరో తమ ఇంట్లో తాగి నా ఇంట్లో వదులుతున్నారు.

దీన్ని మర్యాదగా రాయమని కరణానికి చెప్పాను.

మూడో పూట

పది సోలలు. నేను వేళ్ళ కణుపుల మీద లెక్క పెడతాను. బొటనవేలితో ఒక్కో కణుపూ తాకుతూ పోతే ఒక చేతికి పన్నెండు వస్తాయి. పది అన్నది ఎవరెవరి వంతులు కలిస్తే అవుతుంది?

పెద్దమనిషి ఎనిమిది తీసేస్తే రెండు మిగులుతుంది. రెండు సోలల వంతు ఎవరికీ లేదు. పిల్లలు ఇద్దరైతే ఎనిమిది, ముగ్గురైతే పన్నెండు, పది రాదు. బాలింతకి పన్నెండు, దాటిపోయింది. ముసలివాళ్ళు ఇద్దరూ పన్నెండే. మిగిలింది ఒక్కటే దారి. ఒక ముసలి, ఒక పిల్ల. ఆరూ నాలుగూ పది.

మా వరసలో ఒక ముసలిదీ ఒక పిల్లాడూ ఉన్న ఇల్లు ఒక్కటే. సన్యాసమ్మ, దాని మనవడు.

నేను తోటగదికి వెళ్ళిన వేళ నా మరుగుదొడ్డి ఖాళీగానే ఉంటుంది. తలుపుకి గడియ బయటే. అంతా సరిపోయింది. వెళ్ళి దాని గుమ్మంలో నిలబడ్డాను. వరసంతా తలుపుల్లోకి వచ్చింది. రానీ అనుకున్నాను.

"ఒలే సన్యాసీ, నీకు దొడ్డి నేదేటి? నా దొడ్డికెందుకొస్తన్నావు?"

"నీ దొడ్డికి నానెందుకొస్తానప్పా? మతి పోనాదేటి నీకు?"

"నీకారు, నీ మనవడికి నాలుగు. పది. లెక్క సరిపోనాది."

సన్యాసమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుంది. యాభై ఏళ్ళలో నా ముందు ఆ చెయ్యి అక్కడికి వెళ్ళడం అదే మొదలు.

"లెక్క సరిపోతే మనిసి దొంగైపోతాదేటప్పా? అలగైతే నువ్వూ దొంగవే. నీదీ సరిపోనాది."

ఎవరో నవ్వారు. నేను ఇంకా కొన్ని మాటలన్నాను. అవి కేసుకి అక్కర్లేదు. సన్యాసమ్మ లోపలికి వెళ్ళి, పొద్దున్న నేను పోసిన చెంబు నిండుగా ఉన్నది ఉన్నట్టే తెచ్చి నా గుమ్మంలో పెట్టింది. నీ కొసరు నువ్వే ఉంచుకో అంది. ఏడ్చిందనుకుంటాను. నేను చూడలేదు, చూడదలచుకోలేదు.

ఆ చెంబు నీళ్ళతో తల తడుపుకున్నాను. చాలా రోజుల తర్వాత తల తడిసింది.

నాలుగో పూట

ఈ పూట తోటగదికి వెళ్ళలేదు. మరుగుదొడ్డి ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాను. ఎవరూ రాలేదు. సన్యాసమ్మ చెంబు పట్టుకుని కూడా రాలేదు. తెచ్చుకున్న ఆరు సోలలూ నేనే వాడుకున్నాను.

సాయంత్రం కరణాన్ని అడిగాను. నా తూము ఎంత?

"పదహారు."

నిన్న?

"పదహారు."

ఇంటికి ఎవరూ రాలేదు. అయినా పదహారు. అంటే నా దొడ్డి గడియకీ ఈ నీళ్ళకీ సంబంధం లేదు. సన్యాసమ్మని అన్న మాటలన్నీ నేలపాలు. అది తర్వాత చూద్దాం.

అసలు సంగతి అది కాదు. రోజూ నేను ఒక తవ్వ సన్యాసమ్మ చెంబులో పోసేస్తాను. తవ్వంటే రెండు సోలలు. అప్పుడు నేను వాడుకునేది నాలుగే. నిన్నా ఇవాళా ఆరుకి ఆరూ నేనే వాడాను. రెండు ఎక్కువ వాడితే తూములో రెండు ఎక్కువ రావాలి కదా, పద్దెనిమిది ఉండాలి. లేదు, పదహారే. నేను ఇచ్చినా పదహారు, ఇవ్వకపోయినా పదహారు.

అక్కడ కూర్చునే చాలాసేపు కణుపులు తాకాను. ఒక్కటే జవాబు వస్తోంది. నేను రోజూ పోసే తవ్వ ఎవరో తాగి, తిరిగి నా తూములోకే వదులుతున్నారు. నిన్నా ఇవాళా వాళ్ళకి నా తవ్వ అందలేదు. అందుకని వాళ్ళ వైపు రెండు తగ్గింది, నా వైపు రెండు పెరిగింది.

ఇది నాకు మొదటే తట్టాలి. ఎందుకు తట్టలేదో చెప్తాను. మా వరసలో తెచ్చుకున్న నీళ్ళలోంచి పక్కింటికి కొంత పోయడం ఆచారం. అది కొసరు. కొసరు లెక్కపెట్టకూడదు. లెక్కపెట్టిన నీళ్ళు అప్పు అవుతాయి. పుట్టినప్పటి నుంచీ పోస్తున్నాను, పుట్టినప్పటి నుంచీ లెక్కలోంచి వదిలేస్తున్నాను. ఇదివరకు సాయంత్రానికి పక్కింటి నుంచి నాకూ కొంత తిరిగొచ్చేది. ఈమధ్య రావడం లేదు. అదీ లెక్కపెట్టలేదు.

కాబట్టి మామూలు రోజున నావి నాలుగు. పదహారులో నాలుగు పోతే పన్నెండు. అవతలివాళ్ళవి పది కాదు, పన్నెండు.

పన్నెండుకి దారి ఒక్కటి కాదు. నాలుగున్నాయి. ముగ్గురు పిల్లలు. ఒక పెద్దమనిషీ ఒక పిల్లా. ఇద్దరు ముసలివాళ్ళు. లేదా ఒక్క బాలింత.

అయిదో పూట

కరణం అడగనిది చెప్పదు. అడగడం ఎలాగో రాత్రంతా ఆలోచించాను. పొద్దున్న మొదలుపెట్టాను.

నా తూములో ఇంకెవరి తూము కలుస్తుంది?

"నిద్రగది తూము. అది వాడుకలో లేదు."

నా ఇంటి వెనక గోడ నిద్రగదే. తెలిసిన సంగతే, కానీ అక్కడ ఎవరూ నీళ్ళు తాగరు కాబట్టి తూమెందుకుంటుందని ఎప్పుడూ అనుకోలేదు. కట్టినవాళ్ళు గది కడుక్కోవడానికి పెట్టి ఉంటారు.

అయితే ఆ నాలుగు దారుల్లో పిల్లలున్నవి రెండూ కొట్టెయ్యొచ్చు. పిల్లల్ని నిద్రగదిలో ఎప్పుడూ పడుకోబెట్టరు. బయటి పిల్లలందరూ రోజూ బడిలో తల లెక్కకి నిలబడతారు. ఎవరైనా తగ్గారా అని కరణాన్ని అడిగితే లేదంది.

మిగిలినవి రెండు. ఇద్దరు ముసలివాళ్ళు మేలుకున్నారా, ఒక బాలింత మేలుకుందా.

పడుకున్నవాళ్ళలో ముసలివాళ్ళు ఎంతమంది అని అడిగాను.

"మనుషుల వయసులు చెప్పకూడదు."

సరే. లోపల పన్నెండు మంది ఉన్నారని అందరికీ తెలుసు. ఆ పన్నెండు మందీ ఇప్పుడు లేస్తే రోజుకి మొత్తం ఎన్ని సోలలు పట్టాలి?

కట్టడిలో మొత్తాలకి అడ్డు లేదు.

"తొంభై నాలుగు."

పన్నెండు మందీ పెద్దలైతే ఎనిమిది పన్నెండ్లు తొంభై ఆరు. ఒక ముసలికి రెండు తగ్గుతాయి. తగ్గింది రెండే. లోపల ముసలివాళ్ళు ఒక్కరే. ఇద్దరు ముసలివాళ్ళు మేలుకోవడానికి అక్కడ ఇద్దరు లేరు.

కాబట్టి గోడ అవతల ఒక బాలింత ఉంది.

ఎవరని కరణాన్ని అడగలేదు. తాళం తవిటినాయుడి దగ్గరుంది. ఆ పన్నెండు మందిలో తవిటినాయుడికి ఒక కూతురుంది, నీలవేణి. ఏడేళ్ళ కిందట మేలుకున్నవాళ్ళు అరవై ఒకరైతే చీటీలు వేశారు. అరవై మందికి మించి మేలుకుని ఉండకూడదని ఓడ నియమం. చీటీ ఆ పిల్లకి వచ్చింది. పెళ్ళై ఆరు నెలలు. మూత వేసింది కన్నతండ్రే, మేస్త్రి పని కాబట్టి. మొగుడు మరుసటేడు ఓడ బయటికి తెరుచుకునే గాలితలుపు దగ్గర పోయాడు, ఆ ఖాళీ అప్పుడే ఏడాది నిండిన ఇంకో ఇంటి పిల్లకి పోయింది.

చెంబు నింపుకుని సన్యాసమ్మ గుమ్మంలోకి వెళ్ళాను. తలుపు తీసి మూయబోయింది.

"బాలింతకి నిన్నా మొన్నా తవ్వ తగ్గినాది," అన్నాను. "పట్టుకెళ్ళు."

సన్యాసమ్మ గడప మీదే కూలబడింది. చెంబు ఒళ్ళోకి తీసుకుని అంది, "నీకు సెప్పొద్దన్నాడప్పా నాయుడు. నీ నోరు పెద్దదని."

పెద్దదే. దాన్ని తక్కినవాళ్ళు కూడా ఒప్పుకున్నారట. వరసలో ఆరిళ్ళు, ఇంటికో తవ్వ, పన్నెండు సోలలు. సన్యాసమ్మ చెంబు తిప్పి అన్నీ ఒకచోట చేర్చి లోపలికి ఇస్తోంది. వరసంతటికీ తెలుసు, నాకు తప్ప. నా మీద ఫిర్యాదు పడ్డాక కూడా అయిదిళ్ళలో ఒక్క నోరు లేవలేదు. నేను దొంగని కాదని తెలిసిన అయిదిళ్ళు.

దీని మీద నేను ఏమీ చెప్పను. ఒక పంక్తి ఖాళీగా వదలమన్నాను.

తర్వాత సన్యాసమ్మ, నాయుడు ఇచ్చి ఉంచిన తాళంతో, నన్ను నిద్రగదిలోకి తీసుకెళ్ళింది. పడకలు వరసగా ఉన్నాయి. ఒకదాని మూత తెరిచి ఉంది. నీలవేణి దాని పక్కన చాప మీద కూర్చుని ఉంది, ఒళ్ళో పసిగుడ్డు. పడుకున్నప్పుడు కడుపుతో ఉందని ఆ పిల్లకే తెలియదు. నిద్రలో కడుపు ఆగలేదు, నత్తలా పెరిగింది. ఏడేళ్ళ కడుపు. ఒక పడక ఒక గుండెకే. రెండో గుండె గట్టిపడగానే పడక తనంతట తెరుచుకుంది. కాన్పు సన్యాసమ్మ చేసింది.

నా మీద ఫిర్యాదు సంగతి నీలవేణికి తెలియదు. నేనే చెప్పాను. విని, పిల్లని చాప మీద పడుకోబెట్టి, ఆ తెరిచిన పడక వైపు చూసింది.

"నాను తిరిగెల్లి పడుకుంతాను మామ్మా. గుంటని మీరు సూస్తారా?"

"నోరు మూసుకుని పాలివ్వు," అన్నాను.

ఆరో పూట

ఇప్పుడు నా సంగతి ఎక్కడుందో చెప్తాను. ఈ వాంగ్మూలానికి వేలిముద్ర వేస్తే నేను నిర్దోషిని. కానీ అరవైకి మించి మేలుకున్న మనిషిని వెంటనే తిరిగి పడుకోబెట్టాలి. ఆ పిల్ల నలభై ఏళ్ళ తర్వాత లేచేసరికి కూతురు తనకన్నా పెద్దదై ఉంటుంది. వేలిముద్ర వేయకపోతే నేను దొంగని, పడక నాది.

తవిటినాయుడిని పిలిపించాను. సన్యాసమ్మ ముందే చెప్పేసి ఉంటుంది, మొహం అలాగే ఉంది. కూర్చోమన్నాను. కూర్చోలేదు.

ఒక సంగతి నాకు ఇంకా తేలలేదు. మీటరుకి సంజాయిషీ కావాలంటే తూము పగిలిందనో, మీటరు చెడిందనో చెప్పొచ్చు. ముసలిదాన్ని దొంగని చేయడం ఎందుకు? కణుపులు తాకాను. మేలుకున్నది అరవై మంది. నేను పడుకుంటే యాభై తొమ్మిది. అప్పుడు నిద్రగదిలోంచి ఒకరిని లేపవచ్చు. ఎవరిని లేపాలో చెప్పే హక్కు నీటిమేస్త్రిది. కూతురు కాగితం మీద కూడా మేలుకుంటుంది.

"అంతేనా?" అన్నాను.

"అంతే పిన్నీ." మళ్ళీ అతనే అన్నాడు, "నీకేటి నట్టం? మేలుకుని ఉంతే ఇంకో అయిదేళ్ళు, పదేళ్ళు. పడుకుంతే కొత్త నేల సూస్తావు."

అబద్ధం కాదు. ఆ మాట నన్ను కొంతసేపు పట్టుకుంది. మట్టి మీద నడవడం ఎలా ఉంటుందో నాకు తెలియదు, తోటగదిలో తొట్లలో చెయ్యి పెట్టడం తప్ప.

"కొత్త నేల మీద దొంగగా లెగాలేటి నాను?"

అతను గుమ్మం వైపు తిరిగాడు, నేను వదల్లేదు.

"ఒకరు తగ్గితే సాలు కదా. ఆ ఒకరివి నువ్వే ఎందుకు కాకూడదు?"

నియమం అతనికి నాకన్నా బాగా తెలుసు. ఇష్టపడి పడుకున్నా తల తగ్గుతుంది. నీళ్ళ పని ఎవరు చూస్తారన్నాడు. నీ కింద ఇద్దరున్నారన్నాను. గుంటకి తాత కావాలన్నాడు. దానికి తల్లి కావాలన్నాను. ఇంకా ఏవేవో అన్నాడు. అన్నీ అయిపోయాక పీట మీద కూర్చున్నాడు.

"ఇన్నాళ్ళూ అందర్నీ నా సేతుల్తోనే పడుకోబెట్టినాను. మూత దిగినప్పుడు లోపల్నుంచి ఎలగ సూస్తారో నాకు తెలుసు పిన్నీ. నా కూతురూ అలగే సూసింది. నాకు బయం."

"నాకూ బయమే. నన్నడిగేవేటి?"

నాయుడు గోడ వైపు చూశాడు. వేలిముద్ర పడిందా అని కరణాన్ని అడిగాడు. లేదని కరణం చెప్పింది. ఫిర్యాది ఫిర్యాదు వెనక్కి తీసుకుంటే వాంగ్మూలం ఏమవుతుందని అడిగాడు. చదవరు, నా దగ్గరే ఉంటుంది అని కరణం చెప్పింది.

"రేపటిదాకా నా వేలు నా దగ్గరే ఉంతాది," అన్నాను. "ఆ తరవాత నేదు."

లేచి వెళ్ళిపోయాడు. పడుకుంటానని అనలేదు, పడుకోనని అనలేదు.

అతను పడుకోనంటే ఏం చేస్తానని కరణం అడిగింది. అడగనిది చెప్పదు గానీ అడగడం నేర్చుకున్నట్టుంది. నాకు తెలియదని రాయమన్నాను. అదే నిజం. ఆ పసిగుడ్డు మొహం తలుచుకుంటే వేలు లేవదు. నాయుడి మొహం తలుచుకుంటే రెండు చేతుల వేళ్ళూ లేస్తాయి.

ఏడో పూట

పొద్దున్న తవిటినాయుడు ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాడు. మీటరు తాను తప్పు చదివానని రాయించాడు. ఆ వెంటనే, ఇష్టపడి నిద్రకి పోతున్నానని రాయించాడు. కరణం రెండూ ఒకే గొంతుతో అందరికీ చదివి వినిపించింది. ఎందుకని అడిగినవాళ్ళకి కొత్త నేల చూడాలని ఉందని చెప్పాడు. నా మొహం చూడకుండా చెప్పాడు.

ఖాళీ అయిన చోటికి నీలవేణిని లేపమని మేస్త్రిగా తన ఆఖరి హుకుం ఇచ్చాడు.

మూత వేయడానికి కింది పనివాళ్ళ చేతులు ఆడలేదు. నేను వేశాను. నాయుడి కళ్ళు ఎలా ఉన్నాయో రాయాలా అని కరణం అడిగింది. వద్దన్నాను. లోపల్నుంచి అతను చూసింది నన్ను కాదు. నా వెనక కూతురు నిలబడి ఉంది, పిల్లని భుజాన వేసుకుని.

నీలవేణికి కరణం ఎనిమిది సోలలు రాసింది, తండ్రి వంతు. బాలింత వంతు కావాలంటే పిల్ల ఎప్పుడు పుట్టిందో చెప్పాలి, అది చెప్తే పడక ముందే తెరుచుకుందని తేలిపోతుంది. పిల్లకి ఏడాది నిండేదాకా తలగా లెక్క రాదు కాబట్టి అడిగేవాళ్ళు లేరు. తక్కువ పడ్డ నాలుగు సోలల్లో నాది ఒక తవ్వ, సన్యాసమ్మది ఒక తవ్వ. మిగతా నాలుగిళ్ళూ మేమూ పోస్తామని చెంబులు పట్టుకుని వచ్చాయి. అక్కర్లేదన్నాను. వాళ్ళతో ఇంకా మాట్లాడటం లేదు. సన్యాసమ్మతో మాట్లాడుతున్నాను, ఎందుకంటే దాన్ని నేనూ అన్నాను.

వాంగ్మూలం చెరిపేయాలా అని కరణం అడిగింది. చెరపొద్దన్నాను. నలభై ఏళ్ళకి నాయుడు లేస్తాడు. అప్పటికి నేను ఉండను. నేనేమన్నానో ఇంకొకరు చెప్తే మెత్తగా చెప్తారు. నువ్వే చదివి వినిపించు, ఒక్క అక్షరం తగ్గించకు అన్నాను.

వేలిముద్ర లేనిది ఎవరికీ చదవకూడదని అంది. అయితే ఇప్పుడు వేస్తాను, అతని ఒక్కడికే అని రాయి అన్నాను. ఓడ దిగాక ఓడ నియమాలు ఉండవు, ఆ పిల్లని ఎవరూ తిరిగి పడుకోబెట్టలేరు. కరణం ఆలోచించి అలా వీలవుతుందంది.

కాబట్టి తవిటినాయుడూ, ఇది నీకే. ఈ పూట నీ మనవరాలికి నీళ్ళు పోశాను. కాళ్ళు చాపుకుని, కాళ్ళ మీద బోర్లా పడుకోబెట్టి, అరసోలతో, తడిగుడ్డతో. ముక్కు నీ ముక్కే. ఏడుపు మాత్రం నా గొంతంత ఉంది. నడక వచ్చేదాకా రోజూ నేనే పోస్తాను, నేను పోయాక సన్యాసమ్మ పోస్తుంది.

నిన్ను క్షమించలేదు.

కరణం, రెండూ చదువు. ఏ ఒక్కటీ వదలకు. ఇదిగో వేలు.